నిమ్మకాయకు తల వంచిన కత్తి

ఒక మడత కత్తి, ఒక నిమ్మకాయ, ఒక పట్టుచీర కొంగు. విడివిడిగా చూస్తే మూడూ సాధువులే. ఈ మూడింటినీ ఒకచోట చేర్చి నా పెండ్లిని నేనే ఎలా తగలెట్టుకోబోయానో, ఆ నిందను తీసుకెళ్ళి ఏమీ ఎరగని నా బావమరిది రామాంజి నెత్తిన ఎలా రుద్దానో ఇప్పుడు చెప్పబోతున్నాను. మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకున్నాక నన్ను తిట్టుకోవచ్చు. వరస మాత్రం మార్చకండి.

ఇన్నేళ్ళు మూసుకున్న నోరు ఇప్పుడు తెరవడానికి కారణం, రామాంజి కొడుకు మొన్న ధర్మవరం నుంచి చేసిన ఫోను.

"మామా, తేలికపాటి మడత కత్తి ఏదన్నా ఉంటే చెప్పు. కొండలెక్కేటప్పుడు పనికి రావల్ల, రోజూ జేబులో పెట్టుకునేదానికీ బాగుండల్ల."

"ఇప్పుడు ఏం తొందరప్పా? వచ్చే నెల పెండ్లి పెట్టుకోని!"

"పెండ్లికే మామా! పెండ్లికొడుకు చేతిలో కత్తి ఉండల్ల కదా. రెండు పనులకూ ఒకటే కొందామని."

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. సరిగ్గా ఈ మాటలే, ఇదే తెలివితో, ఒకప్పుడు నేనూ అన్నాను.

తెలియని వాళ్ళ కోసం చెబుతాను. మా వైపు పెండ్లికొడుక్కి నలుగు పెట్టినప్పటి నుంచి పెండ్లికూతుర్ని ఇంటికి తెచ్చుకునేదాకా చేతిలో ఇనుము ఉండాలి. కత్తి మొనకు నిమ్మకాయ గుచ్చి పట్టుకుంటాడు. దిష్టి తగలకుండా. ఆ కత్తిని కొడుకు చేతిలో పెట్టేది తండ్రి.

"మీ నాయన ఇస్తాడులే కత్తి" అన్నాను, మాట దాటేద్దామని.

"నాయనా? ఆయప్పను కత్తి దగ్గరికి రానియ్యొద్దని తాత చెప్పినాడు మామా. నీ పెండ్లిలో నాయన చేసిన పని నీకు తెలీదా ఏంది?"

తెలియకపోవడమేమిటి! ఆ పని చేసిందే నేను.

తొంభైల చివరి మాట ఇది. అప్పుడు నేను హిందూపురంలో ఒక మిల్లు ఆఫీసులో పనిచేసేవాడిని. ఆదివారం వస్తే నేనూ, నా స్నేహితుడు ఖాదరూ పెనుకొండ బస్సెక్కి కోట కొండ మీదికి పోయేవాళ్ళం. పైన పాడుపడిన మండపంలో పొయ్యి పెట్టుకుని, సగం ఉడికిన అన్నం తిని, నడుము వాల్చి, పొద్దున్నే దిగొచ్చేవాళ్ళం. దీన్ని క్యాంపింగ్ అంటారని ఎక్కడో విన్నాను. విన్న రోజు నుంచి నా నడక మారింది. క్యాంపింగ్ చేసేవాడికి మడత కత్తి లేకపోతే ఎలా?

కత్తి ఎంపికకు నేను పెట్టుకున్న నియమాలు చాలామంది పెండ్లి సంబంధానికి కూడా పెట్టుకోరు. జేబులో ఉన్నట్టే తెలియకూడదు. ఒంటి చేత్తో తెరుచుకోవాలి. చూసినవాళ్ళకు భయం పుట్టకూడదు, గౌరవం పుట్టాలి. ఈ లక్షణాలన్నీ ఉన్న కత్తి కోసం హిందూపురం బజారులో చంద్రప్ప ఇనుప సామాన్ల అంగడి ముందు ఎన్ని సాయంత్రాలు నిలబడ్డానో!

"ఏమప్పా, కత్తిని చూస్తాండావా, పెండ్లికూతుర్ని చూస్తాండావా?" అన్నాడు చంద్రప్ప ఒకరోజు ఓపిక చచ్చిపోయి.

కత్తెర, ఆకురాయి, సీసా మూత తీసేది, ఇంకా పేరు తెలియని కొక్కేలు ఏవేవో మడతల్లో దాచుకున్న కత్తిని ముందు చూశాను. జేబులో వేసుకుంటే ప్యాంటు ఒకవైపు జారి, నడుము ఒకవైపు ఒరిగి, వక్కతోటలో గాలివాటుకు వంగిన చెట్టులా అయ్యాను. వద్దన్నాను. తరువాత చంద్రప్ప తనకు నచ్చిన కత్తి తీశాడు.

"ఇది చూడు. తెరిస్తే టక్కుమని కరుచుకోని నిలబడతాది. ఈ మీట నొక్కితే గానీ మడుచుకోదు. లాకు ఉండాది."

అరచేతిలో వేసి ఎగరేసి చూశాను. "ఆ లాకు వల్లే కదా బరువు పెరిగింది? అది లేనిది చూపించు."

చంద్రప్ప నిట్టూర్చి, గాజు బీరువా అడుగు నుంచి ఇంకొకటి తీశాడు. సన్నగా, నాజూగ్గా, ఈకలా ఉంది. చూడగానే మనసు పోయింది.

"తేలికే. కాదనను. కానీ తెరిచినాక నిలబడల్లంటే దానికి మనసు పుట్టల్ల" అన్నాడు చంద్రప్ప.

నేను వినలేదు. ఖాదర్‌కు చూపించాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "జేబులో ఉండాదో లేదో తెలీగూడదంటివే, ఏమీ కొనకుండా పోతే ఇంకా తేలిక కదరా సీనా!" అన్నాడు. కళాహృదయం లేని మనిషి.

ఆ రోజు నుంచి ఆ కత్తి నా ఒంట్లో ఒక అవయవమైంది. ఆఫీసులో పార్సిలు తాడు కోయాలంటే ఇంకొకరు కత్తెర వెతికేలోపు నా కత్తి బయటికి వచ్చేది. ఎవరైనా జామకాయ తెచ్చుకుంటే అడగకుండానే వెళ్ళి నాలుగు చెక్కలు చేసి ఇచ్చేవాడిని. కొండ మీద ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, దానితోనే. అలా కోసి కోసి దాని పదునూ పోయింది, లోపలి స్ప్రింగూ వదులైంది. తెరిచి పట్టుకుంటే కొంచెం ఊగేది. చేతికి అలవాటు పడిందిలే అనుకున్నాను.

ఇంతలో ధర్మవరం సంబంధం కుదిరింది. పెండ్లికూతురు ఆదిలక్ష్మి. వాళ్ళ నాయన, అంటే మా మామ, మగ్గం మీద పెద్ద చెయ్యి. కూతురి పెండ్లి చీర ఇంకొకరి చేత నేయించేది లేదని తానే కూర్చుని నేశాడు. ఎర్రటి చీర, బంగారు అంచు, కొంగు నిండా నెమళ్ళు. ఆ చీర గురించి ధర్మవరంలో పెండ్లికొడుకు గురించి కంటే ఎక్కువ మాట్లాడుకున్నారు.

పెండ్లి ముందు రోజు ధర్మవరంలో విడిది దిగాం. నలుగు పెట్టగానే మా నాయన సంచిలోంచి ఒక బాకు తీశాడు. మా తాత తన పెండ్లిలో పట్టుకున్నది, నాయన తన పెండ్లిలో పట్టుకున్నది. మూరెడు పొడవు, పిడికి ఇత్తడి కట్టు.

"పట్టుకో నాయనా" అన్నాడు.

"అంత బరువు ఎవరు మోస్తారు నాయనా? నా కత్తి ఉంది కదా" అని జేబులోంచి తీసి ఒంటి చేత్తో తెరిచి చూపించాను.

నాయన బాకును మళ్ళీ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. మా అవ్వ మాత్రం దగ్గరికి వచ్చి కళ్ళు చిట్లించి చూసింది.

"ఇది కత్తేనా సీనా? గోర్లు తీసుకునేదా?"

"ఇనుమే అవ్వా."

"ఇనుమైతే సరే. నిమ్మకాయ గుచ్చు."

గుచ్చాను. అప్పుడు జరిగింది చూడండి. నిమ్మకాయ బరువుకు కత్తి మెల్లగా, వినయంగా, పెద్దవాళ్ళకు నమస్కారం పెట్టినట్టు తల వంచింది. నేను సరిచేశాను. మళ్ళీ వంచింది. విడిదిలో ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"పెండ్లి కాకముందే తల వంచుతాందే! అయినాక ఎట్లుంటాదో!" అంది అవ్వ.

ఇక్కడే రామాంజి వస్తాడు. ఆదిలక్ష్మి తమ్ముడు. మీసం అప్పుడప్పుడే కుదురుకుంటున్న పిల్లగాడు. బావకు కావలసినవి చూసుకోమని వాళ్ళ నాయన పంపితే వచ్చాడు. "చిన్న నిమ్మకాయ తీసుకురా రామాంజీ" అన్నాను. తెచ్చాడు. కత్తి తల వంచింది. "ఇంకా చిన్నది" అన్నాను. తెచ్చాడు. వంచింది. మార్కెట్టుకు మళ్ళీ పంపాను. గోలీకాయంత నిమ్మకాయ ఒకటి పట్టుకుని, చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"బావా, ఇంతకన్నా చిన్నది కావల్లంటే ఇంగ పూత తేవల్ల."

అది కూడా కాస్త వంగింది. రామాంజి నా పక్కన కూర్చుని ఎవరికీ వినపడకుండా అన్నాడు. "బావా, మా ఇంట్లో అడకత్తెర ఉండాది. ఇనుముదే. గట్టిగా ఉంటాది. చప్పుడు గాకుండా తెచ్చిద్దునా? ఎవురికీ చెప్పనులే."

ఈ మాటను గుర్తు పెట్టుకోండి. వాడు నా పరువు కాపాడాలని చూశాడు. నేనేమన్నానో కూడా గుర్తు పెట్టుకోండి.

"అడకత్తెరా? ఇది ఎంత ఆలోచించి కొన్న కత్తో నీకేం తెలుసు? గమ్మున ఉండు."

వాడు గమ్మున ఉన్నాడు. నేను మాత్రం బుర్ర ఉపయోగించాను. నిమ్మకాయ మొన దగ్గర ఉంటే కదా కత్తిని కిందికి లాగేది? దాన్ని బాగా లోపలికి, మడత కీలు దాకా దించేస్తే? దించేశాను. కత్తి నిలబడింది! మీసం దువ్వుకున్నాను. ఆ సాయంత్రమంతా నిమ్మరసం చుక్క చుక్కగా కీల్లోకి దిగుతూ ఉందని నాకు తట్టలేదు.

తెల్లారేసరికి కత్తి బిగుసుకుపోయింది. నిన్నటిదాకా ఊగులాడిన కత్తి రాయిలా ఉంది. దానికి బుద్ధి వచ్చిందని సంతోషించాను.

తాళి కట్టాను. తలంబ్రాలు పోసుకున్నాం. అయ్యవారు నా ఉత్తరీయానికి, ఆదిలక్ష్మి చీర కొంగుకు ముడి వేశారు. ఆ ముడిని నేను కత్తి ఉన్న చేత్తోనే పట్టుకున్నాను. అరుంధతి నక్షత్రం చూపించడానికి మండపం బయటికి తీసుకువచ్చారు. పట్టపగలు, ఎర్రటి ఎండ, ధర్మవరం ఆకాశం.

"అదిగో నాయనా, ఉత్తరం పక్కకు చూడు" అన్నారు అయ్యవారు.

చూడబోతూ చెయ్యి పైకెత్తాను. రాత్రంతా నలిగిన నిమ్మకాయ రెండుగా చీలి జారింది. పడిపోతున్న దాన్ని పట్టుకోబోయి రెండో చేత్తో కత్తి మీద ఒక్కటి వేశాను. టక్!

కత్తి మడుచుకుంది. ఒంటరిగా మడుచుకోలేదు. కొంగు మడతను ఒకదాన్ని పిడి సందులోకి లాక్కుని మరీ మడుచుకుంది.

"అరుంధతి కనిపించిందా?" అన్నారు అయ్యవారు.

"అన్నీ కనిపించాయి స్వామీ" అన్నాను.

బొటనవేలితో తెరవబోయాను. కదలలేదు. గోరు పెట్టాను. గోరు విరిగింది. నిమ్మరసానికి కీలు తుప్పుపట్టి కరుచుకుపోయింది. చంద్రప్ప వద్దన్నా లాకు లేని కత్తి కొన్నాను కదా, ఇప్పుడు దానికి లాకు వచ్చింది, అదీ మూసుకున్నాక. గట్టిగా పీకబోతున్నాను. అప్పుడు పక్క నుంచి, తల ఎత్తకుండా, పెదవి కదపకుండా, నా భార్య నాతో మొట్టమొదటి మాట మాట్లాడింది.

"లాగొద్దండి."

గౌరవం ఉంది. దయ లేదు.

"చీర..." అన్నాను.

"మా నాయన నేసినాడు. కంటి మీద కునుకు లేకుండా నేసినాడు. లాగితే కోసుకుంటాది. పట్టుకోని నడవండి."

పిడికిలిలో కత్తి, ముడి, కొంగు అన్నీ కలిపి దాచుకుని నడిచాను. లోపలికి వచ్చి కూర్చున్నామో లేదో మామ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నేతపని చేసే కళ్ళు! గుంపులో అంత దూరం నుంచి కూడా ఆయన చూసేది నన్ను కాదు, చీరను.

"ఏమప్పా, కత్తి యాల మడిచి పట్టుకున్నావు? తెరిచి పట్టుకోవల్ల." ఇంకాస్త వంగి చూశాడు. మొహం రంగు మారింది. "కొంగు ఇరుక్కునిందే! ఎట్ల ఇరుక్కునింది?"

అందరూ చూస్తున్నారు. మా నాయన చూస్తున్నాడు, పక్కన బాకు ఉన్న సంచితో సహా. నేనే వద్దన్న బాకు. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. "నా కత్తి చెడిపోయింది మామా." ఇంతే. కానీ పక్కనే రామాంజి నిమ్మకాయల తట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా నోరు నా అనుమతి లేకుండా తెరుచుకుంది.

"రామాంజి, మామా! నవ్వులాటకు మడిచేసినాడు."

రామాంజి నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు కనబడుతుంది. కోపం లేదు. 'నేనా బావా?' అన్నట్టు ఉంది, అంతే. ఆలోపే మామ వాడి వీపు మీద ఒక్కటిచ్చాడు. తట్టలోని నిమ్మకాయలు మండపమంతా దొర్లాయి. అక్క పెండ్లిలో రభస ఎందుకని కాబోలు, వాడు వంగి ఒక్కొక్కటే ఏరుకున్నాడు. కాదనలేదు.

చుట్టాలకు మాత్రం మంచి వినోదం దొరికింది. "బామ్మర్ది భలేటోడప్పా! బావనూ అక్కనూ బీగం వేసినాడు!" అంటూ ఆ తాళానికి అందరూ చప్పట్లు.

ముడి ఎలాగూ మా ఇల్లు చేరాకే విప్పాలి. అలాగే పెండ్లి బస్సెక్కాం. ధర్మవరం దాటాక ఆదిలక్ష్మి కిటికీ వైపు చూస్తూ అడిగింది.

"మా తమ్ముడు కాదు కదా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. పొద్దున వాడుకున్నదే ఆఖరి అబద్ధం అయినట్టుంది, ఇంకొకటి రాలేదు.

"కాదు."

"నిజం చెప్తారా మా నాయనకు?"

"చెప్తా."

"యాపొద్దు?"

"ఇల్లు చేరినాక."

మీరు కూడా గమనించే ఉంటారు, ఏ ఇల్లో నేను చెప్పలేదు.

పెనుకొండలో బస్సు టీ కోసం ఆగింది. అందరూ దిగారు. మేం దిగలేం. దిగితే ఇద్దరం ఒకే అడుగు వేసుకుంటూ దిగాలి. కిటికీలోంచి కొండ కనబడుతోంది. ఊరకే ఉండలేక, ఆ కొండ మీద నేనూ ఖాదరూ ఏమేం చేసేవాళ్ళమో చెప్పాను. మాడిన అన్నం గురించి, మా చెప్పులెత్తుకుపోయిన కోతి గురించి, పొద్దున పైనుంచి చూస్తే ఊరు ఎంత చిన్నగా ఉంటుందో, అవన్నీ.

"చిన్నప్పట్నుంచి ఈ బస్సుల్లోంచి చూస్తానే ఉండా. ఒక్కపారి కూడా ఎక్కలా" అంది.

"ఎక్కుదాం."

"కత్తి తీసుకురాకుండానా?"

ఇద్దరం నవ్వాం. గట్టిగా నవ్వితే కొంగు కదులుతుందని మెల్లగా నవ్వుకున్నాం. అలా జాగ్రత్తగా నవ్వుకున్న జంట మేం తప్ప ఇంకొకటి ఉండదు.

ఆమె సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి కీలు మీద ఒక్కో చుక్క వేసింది. వేసి ఊరుకుంది. నేను వేలు పెట్టబోతే "ఆగండి" అంది. హిందూపురం పొలిమేరలో మళ్ళీ నూనె వేసి, రెండు గోళ్ళతో కత్తిని అటూ ఇటూ మెల్లగా కదిపింది. కిర్రుమంటూ తెరుచుకుంది. కొంగు బయటికి వచ్చింది. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. చిన్న పసుపు మరక తప్ప ఒక్క పోగు కూడా తెగలేదు.

ఆమె వేలితో కత్తి అంచు తడిమి చూసింది. "ఇంత మొండి కత్తితో కొండ మీద ఏం కోసేవాళ్ళు?"

"ఎర్రగడ్డలు."

"అవి కోసుకునేటివా, భయపడి వాటంతట అవే విడిపోయేటివా?"

నా పెండ్లి జీవితం ఎలా ఉండబోతోందో అప్పుడే అర్థమైంది. బాగుండబోతోందని కూడా అర్థమైంది.

ఆ తరువాతి చలికాలంలోనే ఇద్దరం పెనుకొండ కొండ ఎక్కాం. అంతకుముందు చంద్రప్ప అంగడికి పోయి కొత్త కత్తి కొన్నాం. ఈసారి నియమాలు ఆమెవి. లాకు ఉండాలి, జేబులో ఉన్నట్టు తెలుస్తూ ఉండాలి. "తెలీకపోతే పారేసుకుంటాము, తెలిస్తేనే చూసుకుంటాము" అంది. చంద్రప్ప నా వైపు చూసి ఒక్క మాటా అనలేదు. ఆ మర్యాదకు ఇప్పటికీ కృతజ్ఞుడిని.

ఇక మామకు నిజం చెప్పే సంగతి. రేపు చెబుదామనుకున్నాను. రేపు పండగొచ్చింది. పండగ వెళ్ళాక మామకు జ్వరం. జ్వరం తగ్గాక నాకు ధైర్యం తగ్గింది. అలా ఏళ్ళు గడిచాయి. ప్రతి పెండ్లిలోనూ ఆ కథ కొత్త చొక్కా తొడుక్కుని తిరిగేది. ఒకచోట రామాంజి కత్తికి తాడు కట్టాడట, ఇంకోచోట జిగురు పోశాడట. ఆదిలక్ష్మి నా వైపు చూసేది. నేను ఫ్యాను వైపు చూసేవాడిని.

మొన్నటి ఫోనుతో ఫ్యాను వైపు చూసినా లాభం లేకపోయింది. కొడుకు చేతికి కత్తి ఇచ్చే భాగ్యం రామాంజికి లేకుండా చేస్తున్నది నేను. మరునాడే ఇద్దరం ధర్మవరం పోయాం. మామకు వయసు మీద పడింది, చూపు ఇంకా మగ్గం మీదే ఉంది. రామాంజి పక్కన కూర్చుని ఉన్నాడు, బట్టతల, బొజ్జ, అదే అమాయకపు మొహం. గొంతు సవరించుకుని మొత్తం చెప్పాను. నిమ్మకాయ, కీలు, అరుంధతి, టక్.

 మామ కొడుకు వైపు తిరిగాడు.

"అయితే నువ్వు కాదంట్రా?"

"నేను కాదంట నాయనా" అన్నాడు రామాంజి, అదేదో తనకూ ఇప్పుడే తెలిసినట్టు.

"మరి యాల చెప్పలేదురా ఆపొద్దు?"

"నువ్వు అడిగితే కదా! కొట్టినావు, అంతే."

తరువాత వాడు నా వైపు తిరిగాడు. వంగి వాడి చేతులు పట్టుకుందామని సిద్ధమయ్యాను. వాడి మొహంలో దిగులు కనిపించింది.

"ఏం పని చేస్తివి బావా! ఊర్లో అందరికీ నేనే చేసినానని చెప్పుకోని తిరుగుతాండా. తాడు కట్టింది కూడా కథలో నేనే కలిపినా. పెండ్లిళ్ళల్లో నన్ను ముందర కూర్చోబెట్టేదే దానికి. మా వియ్యంకులకు కూడా మొన్ననే చెప్తినే! ఇప్పుడు నేనేమి చెప్పుకోవల్ల?"

 ఇంత కాలంగా మోస్తున్న పశ్చాత్తాపాన్ని దించుకుందామని పోతే, దించుకునే చోటే కనబడలేదు.

అంతలో వాడే గొంతు తగ్గించాడు. "బావా... అయితే పిల్లోని చేతికి కత్తి నేనే ఇయ్యొచ్చు కదా?"

"నువ్వు ఇయ్యక ఎవురు ఇస్తారురా?" అన్నాడు మామ.

రామాంజి కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే పోనీలే, పేరు పోతే పోయింది. ఆపొద్దు నాయన కొట్టిన దానికి నాకు బాధ లేదు బావా. అడకత్తెర తెచ్చిస్తానంటే గమ్మున ఉండమంటివే, దానికి."

అందుకే ఇది రాస్తున్నాను. చుట్టాలు, పక్కాలు, ధర్మవరం వియ్యంకులు అందరూ చదువుకోండి. రామాంజి నిర్దోషి. నాయనా పెండ్లికొడుకా, కొండకైనా జేబుకైనా కత్తి తేలికగా ఉంటే మంచిదే కానీ లాకు లేనిది కొనకు. పులుపు తగిలితే వెంటనే తుడిచి నూనె చుక్క వెయ్యి. పెండ్లి రోజు మాత్రం మీ నాయన ఏది ఇస్తే అది పట్టుకో, అడకత్తెర ఇచ్చినా సరే. దాన్ని మా మామ ఇప్పటికే తోమించి పెట్టాడు.

ఇక నా సంగతి. నా పాత కత్తిని బీరువాలోంచి తీసి, తెరిచి ఎదురుగా పెట్టుకున్నాను. దాని మీద అరచెయ్యి పెట్టి, తూర్పు ముఖంగా కూర్చుని, గట్టిగా పైకే చదువుతూ రాస్తున్నాను. ఇకమీదట తాళం లేని కత్తి కొననని, అదుపు లేని నోరు తెరవనని, నా తప్పును ఇంకొకరి తట్టలో వెయ్యనని, పంచభూతాల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం...

"ముందు ఆ చెయ్యి తియ్యండి" అంటోంది వంటింట్లోంచి ఆదిలక్ష్మి. "అది మడుచుకునిందంటే, మల్లా ఎవురి పేరు చెప్తారో!"